మాస్టారు విప్పని కుట్టు

బట్టలు కుట్టేవాణ్ణి ఊరంతా మాస్టారనే పిలుస్తుంది. ఈ మాస్టారు మాత్రం ఐదో తరగతితోనే బడికి దండం పెట్టి మిషను ముందు కూర్చున్న మనిషి. ఎవరైనా ఆ పిలుపు పిలిచినప్పుడల్లా లోపలెక్కడో చిన్న ముల్లు గుచ్చుకునేది. రెడీమేడ్ దుకాణాలొచ్చి గిరాకీ పలచబడ్డాక, ఊరికే ఈగలు తోలుకుంటూ కూర్చోలేక, దూరవిద్యలో పదో తరగతికి ఫీజు కట్టారు. తల నెరిశాక అఆలేమిటని ఇరుగుపొరుగు నవ్వారు. భార్య నవ్వలేదు. "చదువుకునే మనిషి కళ్ళజోడు ఆ మనిషే వెతుక్కోవాలి, నన్నడగొద్దు" అని షరతు మాత్రం పెట్టింది.

లెక్కలు ఆయన్ని మూడు చెరువుల నీళ్ళు తాగించాయి. పోస్టులో పంపిన జవాబు కాగితాలు ఎర్రసిరాతో నిండి తిరిగొచ్చేవి. మొదటిసారి వాటిని చూసి సిగ్గుతో చచ్చిపోయి, గుడ్డపీలికల సంచిలో కుక్కేశారు. మర్నాడు తనే తీసి, ముడతలు సాపుచేసుకుని, తప్పెక్కడో చూసుకున్నారు. అలా కిందామీదా పడి డిగ్రీ దాకా లాక్కొచ్చారు. తర్వాత ఆ దూరవిద్యా కేంద్రం వాళ్ళే కుట్టుపని కోర్సు పెట్టి, దిద్దడానికి ఆయన్నే రమ్మన్నారు. ఆ రోజు నుంచి పిలుపు గుచ్చుకోవడం మానేసింది.

పనేమీ బ్రహ్మవిద్య కాదు. విద్యార్థులు పాఠం చదివి, వీడియో చూసి, ఇంట్లో చొక్కా కుట్టి పార్సిల్ పంపుతారు. మాస్టారు మార్కులు వేసి, రెండు మాటలు రాసి, చొక్కా తిరిగి పంపాలి. కానీ వంకర కుట్టున్న బట్ట చేతిలోంచి బయటికి పోవడమంటే ఆయనకి ప్రాణసంకటం. కాలరు మొనలు ఎగుడుదిగుడుగా ఉంటే చెయ్యి ఊరుకోదు. కుట్టు విప్పి, మళ్ళీ వేసి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి మరీ పంపేవారు. "కాలరు విషయంలో కాస్త శ్రద్ధ పెట్టు తల్లీ" అని చీటీ కూడా రాసేవారు. ఇంటికొచ్చిన చొక్కాలో కాలరు నిటారుగా కనిపిస్తుంటే ఆ చీటీ ఎవరు పట్టించుకుంటారు?

"దిద్దమన్నారు గానీ కుట్టమన్నారా?" అనేది భార్య.

"పాపం, ఎక్కడో ఒంటరిగా కూర్చుని నేర్చుకునేవాళ్ళు. మనసు కష్టపెట్టుకుంటారు" అనేవారాయన.

పరీక్షలయ్యాక ఒక సాయంత్రం ఒకావిడ గుమ్మంలోకొచ్చింది. ఆసుపత్రిలో ఆయా. ఈ కోర్సు పాసైతే అక్కడే దుప్పట్లూ గౌన్లూ కుట్టే గదిలో పగటి పని ఇస్తామన్నారట. లేకపోతే రాత్రి డ్యూటీలే; పసిపిల్లని రోజూ పక్కింట్లో పడుకోబెట్టి వెళ్ళాలి. పరీక్షలో తప్పింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం.

దిద్దమని పంపితే మాస్టారి దగ్గర్నుంచి తిరిగొచ్చిన చొక్కా, పరీక్షలో కుట్టిన చొక్కా పక్కపక్కన పరిచింది. "ఇదే చేత్తో అదీ కుట్టాను మాస్టారూ. పరీక్షలో ఇది ఇలా ఎందుకొచ్చిందో నాకు తెలీలేదు. పరీక్ష పెట్టినాయన రెండూ పక్కన పెట్టి చూసి, మొదటి చొక్కా ఎవరు కుట్టిపెట్టారని అడిగారు. నేనేనన్నాను. నవ్వారండీ."

ఆ కాలరు విప్పి కుట్టింది తనేనని మాస్టారు నిజం చెప్పేశారు. ఆవిడ కోప్పడలేదు, అదే ఆయనకి ఎక్కువ కష్టమనిపించింది.

"నా తప్పు నాకు తిరిగి పంపితే బాగుండేదండీ" అంది.

ఆవిడ వెళ్ళాక భార్య, "మీ లెక్కల కాగితాలు ఎవరో పుణ్యాత్ముడు చెరిపేసి తనే చేసి పంపుంటే, ఈపాటికి మీరు ఎన్నో క్లాసులో ఉండేవారు?" అంది. దయ అనుకున్నదాంట్లో సగం తన చేతిపని మీద మోజేనని ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది. మర్నాడే కేంద్రానికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పి చీవాట్లు తిన్నారు.

ఆ తర్వాత ఆయా పంపిన చొక్కాలు వచ్చినవి వచ్చినట్టే తిరిగెళ్ళాయి. తప్పున్న చోట ఒక ఎర్రదారం ముడి, అంతే. ముడి వేసి లేవబోతూ మళ్ళీ కత్తెర అందుకునేవారు. భార్య కత్తెర తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేది. "మీ చెయ్యి కుక్కతోకండీ, పక్కన మనిషి ఉండాల్సిందే" అని సణిగేది. ఒక పార్సిల్లో తొమ్మిది ముళ్ళు పడ్డాయి. అది పోస్టు చేసొచ్చి, ఆవిడ ఇక మానేస్తుందేమోనని మాస్టారు సరిగ్గా భోంచెయ్యలేదు. వారం తిరక్కముందే ఇంకో చొక్కా వచ్చింది. దాంట్లో ముడి వెయ్యాల్సిన చోట్లు నాలుగే.

రెండోసారి ఆవిడ పరీక్ష పాసైంది. పరీక్షలో కుట్టిన చొక్కా పట్టుకుని మాస్టారింటికొచ్చింది, పిల్లని చంకనేసుకుని. మాస్టారు వెలుతురులోకి పట్టి చూశారు. కాలరు బాగుంది. ఎడమ చెయ్యి అతుకు దగ్గర మాత్రం గుడ్డ రవంత ముడుచుకుంది. పరీక్ష పెట్టినవాళ్ళు చూసీచూడనట్టు వదిలేసుంటారు. ఆయన వేలు తనకి తెలియకుండానే ఆ కుట్టు మీదికి పోయింది.

ఆవిడ మెల్లిగా చొక్కా వెనక్కి తీసుకుంది.

"నేనూ చూశానండీ అది. ఇంటికెళ్ళి విప్పుతాను" అంది.