షేర్ ఆటోలో విమానం రూలు

పోయిన వానాకాలం ఓ సాయంత్రం ఎల్బీ నగర్‌లో వనస్థలిపురం వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. నాది భారీ శరీరం. నేను కూర్చోగానే ఆటో ఓ పక్కకు ఒరిగింది. పక్కనున్న బక్కపలచటి పెద్దమనిషి ఫోన్‌లోంచి తలెత్తి, "విమానాల్లో లావుపాటి వాళ్ల దగ్గర ఎక్కువ చార్జీ తీసుకోవాలంటున్నారండీ. న్యాయమే కదా" అన్నాడు, నన్నే చూస్తూ.

డ్రైవర్‌కు ఆ మాట తెగ నచ్చింది. "గట్లయితే అక్కా, నువ్వు రెండు సీట్ల పైసలియ్యాలె" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఊరుకోలేదు.

"అలాగే బాబూ. మరి ఈయన దగ్గర సగమే తీసుకో" అన్నాను. పెద్దమనిషి వెంటనే ఒప్పుకున్నాడు. డ్రైవర్ మాత్రం గేరు మార్చి ఆటో పోనిచ్చాడు.

కాసేపటికి నీళ్లు నిండిన గుంటలో చక్రం దిగబడింది. అందరం దిగాం. మిగతావాళ్లు ఎంత తోసినా ఆటో కదల్లేదు. నేను కుచ్చిళ్లు దోపుకుని, భుజం ఆనించి ఒక్క తోపు తోశాను. ఆటో బయటపడింది. ఆ ఊపుకు పెద్దమనిషి బురదలో బోర్లా పడ్డాడు. నేనే చెయ్యిచ్చి లేపాను.

దిగేటప్పుడు డ్రైవర్, "మాఫ్ చెయ్ అక్కా, నీ దగ్గర పైసలు తీసుకోను" అన్నాడు. ఒక సీటు చార్జీ అతని చేతిలో పెట్టి వచ్చేశాను.

అప్పటిదాకా ఆటో ఎక్కితే ఊపిరి బిగబట్టి ఓ మూలకు ముడుచుకునేదాన్ని. ఇప్పుడు హాయిగా వెనక్కి ఆనుకుని కూర్చుంటున్నాను.