లేని మండపం చూసుకుని ఒడ్డు చేరినారు

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఫ్యాను చప్పుడులో నా మాట వినబడదు. ముందే చెప్తావుండా, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఎవరన్నా ఆ మాటెత్తితే విసుక్కుని లేచిపోయేదాన్ని. ఇప్పుడు నేనే చెప్పాల్సొచ్చింది, ఖర్మ.

మాది తొండియార్‌పేట దాటినాక సముద్రం ఒడ్డున చిన్న కుప్పం, చేపలు పట్టేవాళ్ళ పల్లె. తాతల కాలం నించీ ఈడే. వీధి చివర నాలుగు స్తంభాల మండపం ఒకటుండేది, వలలు ఆరేసుకునేదానికి. ఏటా మా నాయన దానికి సున్నం కొట్టేవాడు. ఊరికే కాదు. సముద్రంలోంచి చూస్తే ఆ తెల్ల మండపం నెత్తిన, వెనకాల దూరంగా ఉండే మనలి నూనె ఫ్యాక్టరీ పొగగొట్టం మంట నిలబడాల. అట్ట చూసుకుని పడవ తెస్తే నీళ్ళ కిందుండే రాళ్ళు తగలవు.

నా పెండ్లయిన కొన్నేళ్ళకి మండపాన్నీ, వీధిలో సగాన్నీ సముద్రం తినేసింది.

పోయిన వానాకాలం మా అల్లుడికి పడవెక్కాలని బుద్ధి పుట్టింది. షోళింగనల్లూరులో ఆఫీసు కారు తోలే మనిషి. చిత్తూరు పక్కోడు, సముద్రం చూసిందే పెండ్లి తర్వాత. నా బిడ్డకేమో నెలలు నిండినాయి. వద్దు నాయనా అన్నా. మా తమ్ముడు, "ఏందక్కా, నీ అల్లుణ్ణి చేపలు తినేస్తాయా?" అని ఎగతాళి చేసి తన పడవలో తీసకపోయినాడు.

మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడి వాన కొట్టింది. నా బిడ్డ కడుపు పట్టుకోని వాకిట్లో నిలబడింది. నేను తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటా ఒడ్డెంబడి తిరిగినా.

సాయంత్రానికి వచ్చినారు, తడిసిన కోళ్ళ మాదిరి.

అన్నం పెడతా, "దారెట్ట తెలిసిందిరా?" అన్నా.

"అల్లుడు మండపం చూపించినాడు. దాని నెత్తిన మంట పెట్టుకోని తిప్పేసినా" అన్నాడు తమ్ముడు. అన్నాక వాడి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏ మండపం?" అని అల్లుణ్ణి అడిగినా.

"అదే అత్తా, తెల్లది. ఒక స్తంభం మాత్రం ఆకుపచ్చగా ఉండాది గదా."

ఒక ఏడు సున్నం చాలక, పడవకి పూసి మిగిలిన రంగు మా నాయన ఆ స్తంభానికి పూసినాడు. మండపానికి ఫోటో లేదు. ఆ రంగు సంగతి నా బిడ్డక్కూడా నేను చెప్పలేదు.

తెల్లారి పోయి చూసినా. నీళ్ళు, అంతే.

తమ్ముణ్ణి కదిలిస్తే, "వచ్చినాం గదక్కా, వదిలెయ్" అంటాడు. ఎట్ట వదిలేది? అల్లుడేమో, "నువ్వే సరిగ్గా చూళ్ళేదత్తా" అని నాకే చెప్తాడు, పుట్టి పెరిగినదానికి! ఎంత తల బాదుకున్నా ఈనాటికీ నాకు అంతుపట్టలేదు.

మీ ఇంట్లోంచి బయటికి పోయినోళ్ళందరూ దీపం పెట్టే వేళకి ఇల్లు చేరాల తల్లీ, ఏది చూసుకుని వచ్చినా సరే.