ఎలుగుబంటికి ఏ తూటా

నా చిన్నప్పుడు మా మామ సముద్రాన్ని కాల్చాడు. గురి తప్పలేదు. అంత సముద్రం ఎదురుగా పరుచుకొని ఉంటే ఎవరి గురి మాత్రం తప్పుతుంది! వీరాంపట్టినం దాటాక పడవలు దింపని ఖాళీ ఒడ్డు ఒకటి ఉండేది. అక్కడ నిలబడి ఒక పెద్ద రైఫిల్‌ను భుజానికి ఆనించి నొక్కాడు. చెవులు గింగురుమన్నాయి, నీళ్లు ఎత్తుగా లేచి పడ్డాయి. వెంట వచ్చిన, మిల్లులో మామతో పనిచేసే స్నేహితులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అప్పటికి నాకు పదేళ్లు, మామ ఏం చేసినా చప్పట్లు కొట్టే వయసు.

కొట్టనిది ఒక్కరే, మా సొల్దా తాత. ఫ్రెంచి పట్టాళంలో పనిచేసి పింఛనుతో తిరిగొచ్చిన వాళ్లను మా పుదుచ్చేరిలో సొల్దా అనే పిలిచేవాళ్లు. ఉప్పళంలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడాయన. మాకు చుట్టం కాదు గానీ వీధిలో పిల్లలందరికీ తాతే. వియత్నాం వైపు ఇందోచీన్ అడవుల్లో ఏళ్లకేళ్లు తుపాకీ మోసిన మనిషి అయినా, ఒక్క యుద్ధం కథ కూడా ఆయన నోట నేను వినలేదు. ఎంత బతిమాలినా అక్కడ దొరికే అన్నం సంగతి చెప్పి ఊరుకునేవాడు.

ఇంతకీ మామకు ఆ రైఫిల్‌తో పనేమిటంటే, ఎలుగుబంటి. మామకు పెళ్లయి ఏడాది కాలేదు. అత్త పుట్టిల్లు జవ్వాది కొండల అడుగున. వాళ్ల నాన్నకు అక్కడ వేరుశనగ చేలు ఉండేవి. ఆ ఏడు ఒక ఎలుగు కొండ దిగి చేలల్లో తిరగడం మొదలుపెట్టింది. చింతకాయలు ఏరుకోవడానికి వెళ్లిన ఒకామె ముఖం చీల్చేసింది. ఆ తర్వాత ఒక పశువుల కాపరి మీద పడింది, అతను బతకలేదు. జనం చేలోకి దిగడం మానేశారు. అప్పుడు అత్త నాన్న బస్సెక్కి మా ఇంటికి వచ్చి, చాప మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, అల్లుడి వైపు చూశాడు. ఎందుకంటే వాళ్ల బంధువర్గం మొత్తంలో తుపాకీ లైసెన్సు ఉన్నది మా మామ ఒక్కడికే. ఆ రోజుల్లో వేట నేరం కాదు. అధికారులు కూడా సరేనన్నారు.

కొత్త అల్లుడు, అడిగింది పిల్లనిచ్చిన మామగారు. కాదంటాడా! మామ మీసం దువ్వి సరేనన్నాడు. అత్తకు అప్పుడు ఐదో నెల. తండ్రిని వద్దనలేదు, మొగుణ్ణి ఆపలేదు. వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ నిలబడింది.

మామ దగ్గర ఉన్నది బాతులను కొట్టే ట్వెల్వ్ బోర్ తుపాకీ. అది ఎలుగుకు చాలదని ఆయనకూ తెలుసు. అందుకని మిల్లులో దొరను అడిగి, అడవిదున్నలను కొట్టడానికి ఆ దొర తెప్పించుకున్న రైఫిల్ ఎరువు తెచ్చాడు. త్రీ సెవెంటీ ఫైవ్. దాని తూటా నా అరచెయ్యి పట్టనంత ఉండేది. ఇంటి ముందు తిన్నె మీద పెడితే వీధి వీధంతా వచ్చి చూసి వెళ్లింది. పెద్ద జంతువుకు పెద్ద తుపాకీ, అంతే కదా అన్నారు అందరూ. మామగారింటికి దాన్ని భుజాన వేసుకొని దిగితే ఎలా ఉంటుందో కూడా మామ మనసులో చూసుకునే ఉంటాడు. అత్త మాత్రం సొల్దా తాత దగ్గరికి వెళ్లి, పోవద్దని మీరన్నా చెప్పండి తాతా అని ఏడ్చింది.

“పోవద్దంటే ఇంకా తొందరగా పోతాడు తల్లీ. పోయినోడు తిరిగి రావాల కదా, దాని సంగతి నేను చూస్తాను” అన్నాడు తాత. ఆయన మాతో ఒడ్డుకు వచ్చింది అందుకే.

చప్పట్లు ఆగాక తాత మామను అడిగాడు, తగిలిందా అని.

“సముద్రం కదా తాతా, యాడ తగిలిందని చెప్పేది?”

“అదే నేనూ అడగతా ఉండేది.”

అని, తన సైకిలుకు కట్టి తెచ్చిన పాత చేటను విప్పాడు. దాని నడుమ సున్నంతో అరచేతంత చుక్క పెట్టి, నీళ్లకు ఎదురువైపున్న పెద్ద ఇసుక దిబ్బకు గుచ్చాడు. మామను కాస్త దూరంలో నిలబెట్టి, ఎలుగు అంతకంటే దగ్గరకే వస్తుందన్నాడు. మామ కాల్చాడు. చేటకు బాగా కింద ఇసుక లేచింది. మళ్లీ కాల్చాడు, మళ్లీ అక్కడే. స్నేహితుల్లో ఒకరు గాలి అన్నారు, ఒకరు కళ్లలో ఎండ అన్నారు. గురి చూసే ముల్లే వంకరగా ఉందని మామ తేల్చాడు. ఉండొచ్చు అన్నాడు తాత, చాలా మర్యాదగా.

తూటాలు నా పావడ ఒళ్లో ఉన్నాయి. కాల్చాక బయటపడే ఇత్తడి గొట్టాలను కూడా ఇంటికి తీసుకెళ్లి ఆడుకుందామని ఏరి అందులోనే వేసుకున్నాను. తాత రైఫిల్ తీసుకొని, మామకు వీపు పెట్టి, నా ముందు వంగాడు. నిండు తూటా అందించబోతే కళ్లతోనే వద్దన్నాడు. ఏరిన గొట్టాల వైపు చూశాడు. నాకు సంగతి అర్థం కాలేదు గానీ, ఇద్దరం కలిసి ఏదో కొంటెపని చేస్తున్నామని మాత్రం తెలిసిపోయింది. నోరు బిగించి ఒక ఖాళీ గొట్టం ఇచ్చాను. దాన్ని లోపల పెట్టి మూసి రైఫిల్‌ను మామ చేతికిచ్చాడు.

మామ గురి చూసి నొక్కాడు. టిక్కుమంది, అంతే. చప్పుడు లేదు, పొగ లేదు. కప్పిపుచ్చేందుకు పెద్ద చప్పుడేమీ లేకపోయేసరికి ఆ క్షణంలో మామ ఒళ్లు చేసిన పనంతా బయటపడింది. రెండు కళ్లూ గట్టిగా మూతపడ్డాయి. భుజం ముందుకు గుద్దింది. తుపాకీ మొన గింజ కోసం వంగిన కోడిలాగా చటుక్కున కిందికి పోయింది. చూడని వాళ్లు లేరు. చప్పట్లు కొట్టిన వాళ్లంతా ఇప్పుడు కాళ్ల కింది ఇసుక చూసుకుంటున్నారు.

మామ ముఖం నల్లబడిపోయింది. కొంటెపని అనుకున్నది ఇలా అయ్యేసరికి నాకు ఏడుపొచ్చింది. అంతవరకు మా మామ భయపడగలడని కూడా నాకు తెలియదు. తాత నవ్వలేదు. దగ్గరికి వెళ్లి మామ భుజం మీద చెయ్యి వేశాడు.

“ముల్లు వంకర లేదురా, నువ్వూ వంకర లేవు. చప్పుడు రాకముందే నీ ఒళ్లు దడుచుకుంటా ఉండాది, అంతే. నాకూ అట్లనే ఉండె. ఇట్లనే ఒకాయన నాకు పట్టుకొని చూపిస్తే తెలిసె. ఈ తుపాకీ మంచిదే. ఎలుగును పడేస్తాది, ఏనుగునైనా పడేస్తాది. కానీ ముందు నిన్ను పడేస్తా ఉండాదే.”

ఆ సాయంత్రమే తన సొంత రైఫిల్ తెచ్చి తిన్నె మీద పెట్టాడు. త్రీ ఫిఫ్టీన్. దొర రైఫిల్ పక్కన అది బక్కచిక్కినట్టు కనిపించింది. మామ దాన్ని చేత్తో ముట్టుకోలేదు. ఇది పట్టుకొని దిగితే మామగారి ఊళ్లో ఏమనుకుంటారు అన్నాడు. నిన్ను మోసుకొనొచ్చి దింపితే ఇంట్లో ఆ పిల్ల ఏమనుకుంటుందో అది ఆలోచించు అన్నాడు తాత. తలుపు వెనక అత్త గాజుల చప్పుడు వినిపించింది. మామ త్రీ ఫిఫ్టీన్ ఎత్తుకున్నాడు.

తుపాకీ తేలింది, ఇక తూటా. అసలు కిటుకు దాని దగ్గరే అన్నాడు తాత. తాను జన్మలో ఎలుగును కాల్చలేదనీ, తెలిసిన మనిషిని అడగడమే మంచిదనీ చెప్పి, ఇంకా మా ఇంట్లోనే ఉన్న అత్త నాన్న పక్కన చాలాసేపు కూర్చున్నాడు. అది ఎట్లా నడుస్తుంది, ఎట్లా మీదికొస్తుంది, ఒళ్లు ఎంత, బొచ్చు ఎంత అని గుచ్చి గుచ్చి అడిగాడు. కంటికి కనిపించే ఎలుగులో పైదంతా వదులు బొచ్చేననీ, కాల్చిన వాళ్లలో సగం మంది కాల్చేది ఆ బొచ్చునేననీ అప్పుడే తెలిసింది. బొచ్చు, కొవ్వు, ముందుకాలి ఎముక, ఇవన్నీ దాటి లోపలికి పోవాలి తూటా.

మర్నాడు మిల్లులో పారేసే తుక్కు దూదిని సంచుల్లో కూరి, నీళ్లలో నానబెట్టి, ఒడ్డున ఒకదాని వెనక ఒకటి నిలబెట్టారు. తడిదూది మోసి మోసి నా పావడంతా తడిసిపోయింది. మొదట ట్వెల్వ్ బోర్‌లో పెద్ద గుండ్లు వేసి కాల్చారు. మొదటి సంచిని చిందరవందర చేసి అక్కడే ఆగిపోయాయి. తర్వాత రైఫిల్‌లో మొన మీద కూడా రాగి కప్పిన తూటా. అది సూదిలాగా అన్ని సంచుల్లోంచీ దూరి ఇసుకలో పడింది. చూశావా ఎంత దూరం పోయిందో అని మామ సంబరపడ్డాడు. తాత తల అడ్డంగా ఊపాడు. ఇది తగిలిన సంగతి ఎలుగుకు తెలిసేలోపల అది నీ మీద ఉంటుంది అన్నాడు. చివరికి మొన దగ్గర సీసం బయటికి కనిపించే గుండ్రటి, బరువైన తూటా. అది మూడో సంచి వెనక, నాలుగో దాంట్లో చిక్కింది. దూది చీల్చి తీస్తే మొన విచ్చుకొని ఉంది, బరువు మాత్రం పెద్దగా పోలేదు. పోయిన దారంతా చెయ్యి పట్టేంత బొక్క. తాత దాన్ని అరచేతిలో పెట్టుకొని, బొన్ అన్నాడు. ఆయనకు ఏదైనా పూర్తిగా నచ్చితే వచ్చే ఫ్రెంచి మాట అది.

అయినా మామను కొండకు పంపలేదు. మిల్లు నుంచి రాగానే ప్రతి సాయంత్రమూ ఖాళీ రైఫిల్ ఎత్తి నిలబడాలి. నేను దాని గొట్టం మీద ఒక గవ్వ పెట్టాలి. మామ నొక్కినా గవ్వ పడకూడదు. మొదట్లో గవ్వ నా కాళ్ల మీదే పడేది. దూస్‌మాన్, దూస్‌మాన్ అనేవాడు తాత, మెల్లగా అని. తెల్లవారి ఒడ్డుకు పోయినప్పుడు ఏది నిండు తూటా, ఏది ఖాళీదో తెలియకుండా నేనూ తాతా కలిపి ఇచ్చేవాళ్లం. మామ మొదట విసుక్కునేవాడు, తర్వాత నవ్వేవాడు, ఆ తర్వాత నవ్వడం కూడా మానేసి పనిలో పడ్డాడు. టిక్కుమన్నా మొన కదలడం తగ్గింది. అత్త కూడా వచ్చి పక్కన కూర్చునేది. ఒకనాడు సున్నపు చుక్క ఉన్నచోట బొక్క తప్ప మరేమీ మిగల్లేదు. అత్త ఆ చేటను రెండు చేతులా పట్టుకొని ఇంటిదాకా తెచ్చుకుంది. అప్పుడు తాత, ఇంక పోయి రారా అన్నాడు.

పోయాడు. అవి ఎలాంటి రోజులో నేను చెప్పలేను. అత్త అన్నం కలిపి నాకు పెట్టేది గానీ తను తినేది కాదు. బస్సు దిగి వచ్చే మనిషి ఎవరు వీధిలో కనబడినా ఇద్దరం గుమ్మంలోకి వచ్చేవాళ్లం. తాత రోజూ వచ్చి తిన్నె మీద కూర్చుని, వీధి మొదలు వైపు కాసేపు చూసి పోయేవాడు.

ఒక పగటిపూట మామ తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ వీధి మొదట్లో కనిపించాడు. పరుగెత్తకూడదని అందరూ చెప్పిన అత్త పరుగెత్తింది. ఎలుగు పడిందని చెప్పాడు. మొదటిరోజు పొదల్లో అది కనిపించినా బొచ్చు తప్ప ఒళ్లు తెలియక కాల్చలేదట, పక్కనున్న వాళ్లు తిట్టినా కాల్చలేదట. మర్నాడు పొద్దున వాగు దగ్గర అదే ఎదురుపడి మీదికొచ్చింది. ఒక్క తూటా. తాత అంతా విని, చెయ్యి వణికిందా అని అడిగాడు.

మామ తాత వైపు చూడలేదు, నా వైపు చూశాడు.

“లేదు తాతా. లోపల ఉండేది పాప ఇచ్చిన ఖాళీదే అనుకొని నొక్కితిని. చప్పుడొచ్చినంక ఉలిక్కిపడితిని.”

అత్త ఏడుస్తూనే మామ వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ రోజు తాత నవ్వడం చూశాను, పళ్లన్నీ కనబడేలా.

నేను పెద్దయ్యాక సర్కారు ఆసుపత్రిలో నర్సునయ్యాను. పదవీ విరమణ చేసి నటేశన్ నగర్‌లో ఉంటున్నా, నన్ను ఎరిగిన పిల్లలు ఇప్పటికీ నా సూది నొప్పి తెలియదంటారు. నాకేమీ ఆశ్చర్యం లేదు. కొత్తగా పనిలో చేరిన అమ్మాయిల చెయ్యి సూది దిగకముందే బెదరడం నా కంటికి ఇట్టే దొరికేది. తిట్టేదాన్ని కాదు. ఖాళీ సిరంజి ఇచ్చి దిండు మీద పొడిపించేదాన్ని, మెల్లగా, చెయ్యి నిలిచేదాకా. నా పెద్ద పనులకు కూడా అదే లెక్క. ఇల్లు కట్టుకున్నా, పిల్లల చదువుకు అప్పు చేసినా, మొన్న నా మోకాలికి ఆపరేషను ఒప్పుకున్నా, అందరూ గొప్పదని మెచ్చుకునేదాన్ని చూసి నేను ఎగబడలేదు. నా చేతిలో కదలకుండా నిలిచేదాన్నే ఎత్తుకున్నాను. భయం ఎప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని చప్పుడు తర్వాతే రానిస్తాను.