ఆమె తడితే లేచిన కాలు

మా ఆయన ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. పేర్చిన మిర్చి బస్తాల మీది నుంచి వెల్లకిలా పడి వెన్నుపూస విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక నడుము కింద గిచ్చినా తెలియదు, ఎంత తంటాలు పడ్డా కాలు కదలదు. కాశిబుగ్గలోని ఇంటికి తెచ్చుకున్నాక నేను పొద్దునా సాయంత్రం నూనె పట్టించేదాన్ని. బొటనవేలైనా కదల్చమని ఏడుస్తూ బతిమాలేదాన్ని.

రెండో నెలలో ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టి, మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో తట్టింది. కాలు ఎగిరిపడింది. సంతోషపడాల్సిన దాన్ని. నాకు కడుపు మండింది.

ఆమె రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చే రోజు ఆయన గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా అడిగేవాడు. ఇద్దరూ క్రికెట్ ముచ్చట్లు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. నేను ఆమె టీలో కావాలనే చక్కెర తగ్గించేదాన్ని. ఆమె చివరి గుక్క దాకా తాగేది.

ఒకరోజు ఆగలేక అనేశాను.

"నేను ఇన్ని దినాలు పిసికితే కదలని కాలు, నువ్వు ముట్టుకుంటె లేస్తాంది. నీ తాన ఏమున్నది?"

ఆమె సుత్తి నా చేతిలో పెట్టింది. "మీరే కొట్టుండ్రి అక్కా."

మొదటి దెబ్బ ఎముకకు తగిలింది. ఆమె నా వేలు పట్టుకుని, చిప్ప కింది మెత్తటి చోటు చూపించింది. రెండో దెబ్బకు కాలు లేచి నా చేతిని తన్నింది. గర్వంగా ఆయన వైపు చూశాను. ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"లేచిందా?" అన్నాడు.

అప్పుడు ఆమె విడమర్చి చెప్పింది. దెబ్బ కబురు మోకాలి నుంచి వెన్ను దాకా పోతుందట, అక్కడి నుంచే కాలికి తిరుగు హుకుం వస్తుందట. పైన దారి తెగింది కనుక తలకు ఏదీ చేరదు, తల చెప్పింది కిందికి దిగదు. ఎవరు కొట్టినా లేస్తుందట.

ఆ సాయంత్రం ఆయన అడిగాడు, ఆ పిల్ల మీద కోపమెందుకని. నువ్వు ఆమెతోనే నవ్వుతున్నావన్నాను.

"ఆమె నన్ను చూసి ఏడ్వది," అన్నాడు. "నువ్వు ఏడుస్తవ్."

ఇప్పుడు కాళ్లు సాగదీయడం, ఆయన్ని చక్రాల కుర్చీలోకి దించడం నేనే చేస్తాను. ఆ అమ్మాయి నెలకోసారే వస్తుంది. ఈర్ష్య పోయిందని చెప్పను. వాళ్లు ముచ్చట్లలో పడితే నాకు అక్కడ నిలబడబుద్ధి కాదు. బట్టలు ఆరేసే వంకతో డాబా ఎక్కుతాను.