రాని సంచికలో చూసిన బొమ్మ

ఎదురింటి వాళ్ళు వినాయకుడి పందిరికి రంగుకాగితాలు అంటించడానికి మైదా ఉడకబెడుతున్నారు. పొయ్యి మీద పెట్టి కబుర్లలో పడ్డట్టున్నారు, అడుగంటిన వాసన రోడ్డు దాటి మా వరండాలోకి వచ్చేసింది. ఇంకో రోజైతే నాలుగు మాటలని కిటికీ వేసేసేదాన్ని. ఇవాళ వెయ్యబుద్ధి కాలేదు. ఆ వాసన నాకు సూర్యనారాయణ బాబాయిది. ఆదివారం పొద్దున్నే ఆయన మైదా జిగురు ఉడికించి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపి, వారపత్రికల్లోంచి చింపిన సీరియల్ పేజీలను కుట్టి బైండు చేసేవారు. సోమవారం పనిలోకి వెళ్ళేటప్పుడు కూడా ఆయన గోళ్ళ చివర ఆ నీలం రంగు ఉండేది. ఆయన నాకు సొంత బాబాయి కారు. శ్రీకాకుళం వైపు మనిషి, జంషెడ్‌పూర్ పక్కన గోవింద్‌పూర్‌లో మా పక్కింట్లో ఉండేవారు. ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు దగ్గర మేస్త్రి. మా ఆయన ఆయన కింద పనిచేసేవాడు.

టాటానగర్‌కి మన పత్రికలు రైల్లో రావాలి. వచ్చాక గోల్‌మురిలో మనవాళ్ళ సంఘం గదిలో ఆదివారం మధ్యాహ్నం ఒకరు చదివితే మిగతావాళ్ళం వినేవాళ్ళం. ఎందుకంటే అక్కడున్న సగం మందికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. బళ్ళో హిందీ, పనిలో హిందీ, ఇంట్లో అమ్మ తిడితే తెలుగు. చదివేది బాబాయే. ఆ రోజుల్లో అందర్నీ పట్టి ఊపేసిన సీరియల్ ఒకటుండేది. పేరు చెప్పను గానీ మేమంతా దాన్ని నౌక కథ అనేవాళ్ళం. ఒక కెప్టెను, ఒక కుర్ర ఇంజనీరు అంతరిక్షంలో ఎక్కడికో పోతూ ఉంటారు. రోజంతా ఇనుము మోసి వచ్చిన మగవాళ్ళు, పిల్లల ముక్కులు తుడుస్తున్న ఆడవాళ్ళు, అందరూ ఆ నౌకలో చమురు అయిపోతోందని బెంగపెట్టుకునేవాళ్ళంటే మీరు నమ్మరు. మా ఆయనైతే ఆదివారం ఓవర్‌టైమ్ ఇస్తామన్నా వెళ్ళేవాడు కాదు.

ఆ సీరియల్ నడుస్తుండగానే మా ఆయన పోయాడు. వానాకాలం. నీళ్ళ పైపు వెయ్యడానికి లోతుగా గొయ్యి తవ్వారు. పక్కలకి చెక్కలు కొట్టించమని బాబాయి అడుగుతూనే ఉన్నారట, ఠేకేదారు రేపు రేపంటూ నెట్టుకొచ్చాడు. పైపు అవతలి కొస దగ్గర మా ఆయన దిగి ఉండగా మన్ను కూలింది. తవ్వి తీసేసరికి ప్రాణం లేదు. మట్టి కడిగి ఇంటికి తెచ్చారు. నేను ఏడవలేదని అందరూ చెప్పుకున్నారు. ఏడుపు రాలేదు, ఏం చెయ్యమంటారు? బాబాయిని మాత్రం ఒక్కటే అడిగాను, నాకేమీ చెప్పలేదా అని. ఆయన గోడ వైపు చూస్తూ చెప్పారు. "పైపు ఇవతలి కొసకి నోరు పెట్టి మాట్టాడతానే ఉన్నానమ్మా. లోపల్నించి పలికినాడు. గొడుగు బాగుసెయ్యడానికి బజార్లో ఇచ్చినాను, మా ఆడదానికి సెప్పు, తెచ్చుకోమను అన్నాడు."

నాకు ఆ గొడుగు సంగతే తెలియదు. గోల్‌మురి బజారుకి వెళ్ళి అడిగితే నిజంగానే ఉంది, కొత్త ఊచ వేసి, తాడు కట్టి. దాన్ని తీసుకుని నడిరోడ్డు మీద కూచుని అప్పుడు ఏడ్చాను. అంత మట్టి కింద కూడా నా సంగతి ఆలోచించాడు, ఒక్కడే చావలేదు, చెవికి ఒక మనిషి గొంతు ఆనుతూ ఉంది. ఆ ఒక్కటీ పట్టుకుని నేను అన్నం తిన్నాను. నా దగ్గర ఇంకేమీ లేదు.

కొన్ని నెలలు గడప దాటలేదు. ఒక ఆదివారం బాబాయి కూతురు సుభద్ర వచ్చింది. "చలో దీదీ, నాన్న బులా రహే హైఁ" అని, నాన్న రమ్మంటున్నారంటూ చెయ్యి పట్టుకు లాగింది. మొగుడు పోయిన మనిషి కథలు వినడానికి పోతోందని ఎవరేమంటారోనని నాకు భయం. సంఘం గదిలోకి వెళితే ఎవరూ ఏమీ అనలేదు, జరిగి చోటిచ్చారంతే. ఆ రోజు అక్కడ పెద్ద గొడవ. దక్షిణాన వరదకి రైలుకట్ట తెగి ఒక సంచిక రానే లేదు. దాని తరువాతి సంచిక వచ్చింది, అందులో చూస్తే ఇంజనీరు అప్పటికే చచ్చిపోయి ఉన్నాడు. ఎలా పోయాడో తెలియదు. జనం ఊరుకుంటారా? బాబాయి పత్రిక పక్కన పెట్టేశారు. టాటానగర్‌లో రైలు గార్డుగా ఉన్న జోగారావు ఆ సంచికని విజయనగరంలో చదివి తనకి చెప్పాడని అన్నారు.

"నౌక బైట పని సేత్తంటే నడుంకి కట్టిన తాడు తెగిపోనాది. కుర్రోడు దూరంగా తేలిపోతన్నాడు. నౌక ఎనక్కి తిప్పడానికి సమురు నేదు. కెప్టెనేటి సేత్తాడు? వైర్‌లెస్ కాడ కూకున్నాడు. ఆ కుర్రోడి గాలి అయిపోయినంతవరకూ మాట్టాడతానే ఉన్నాడు. వాడూ పలుకుతానే ఉన్నాడు." బాబాయి ఆ మాటలు ఎవరి వైపూ చూడకుండా చెప్పారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని విన్నాను.

తరువాతి వారం పత్రిక నా ఒళ్ళో పడేసి "ఇకనించి నువ్వు సదువు" అన్నారు. నాకు రాదంటే వినలేదు. "మన్ను తిని తిని నా గొంతు పోనాది. నీకు గొంతుంది, ఏటి సేసుకుంతావు దాన్ని?" అన్నారు. తప్పు చదివితే ఆయన ఆపేవారు కాదు, గోరుతో నేల మీద గీరేవారు, అంతే. ఆ ఆదివారాల పుణ్యమే, చదవడం రాని పిల్లలకి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాను, తరువాత చిన్న బడిలో తెలుగు చెప్పే పని దొరికింది. నా అన్నం నేను సంపాదించుకున్నాను. సీరియల్ అయ్యాక బాబాయి పేజీలన్నీ బైండు చేశారు. రాని వారం దగ్గర పేజీలు లేవు. ఎవరింటికి ఆ పుస్తకం వెళ్ళినా, ఎప్పుడు మళ్ళీ చదివినా, ఆ చోటికి వచ్చేసరికి నోటితో చెప్పేసుకునేవాళ్ళం. చెప్పీ చెప్పీ అది నోటిమాటని మరిచిపోయాం. ఇది మా జంషెడ్‌పూర్ వాళ్ళకే చెల్లింది.

చాలా ఏళ్ళ తరువాత నౌక కథ పుస్తకంగా వచ్చింది. సింహాచలం బెజవాడ నుంచి తెప్పించాడు. ఇతను టెల్కో కాలనీలో ఉంటాడు, నౌక కథ మీద ఈగ వాలనివ్వని మనిషి. ఆదివారం నేనే చదివాను. తాడు తెగే చోటికి వచ్చాక నా నాలుక ఆగిపోయింది. పుస్తకంలో కెప్టెన్ ఆ గొంతు వినలేక వైర్‌లెస్ ఆపేస్తాడు. ఇంజనీరు చీకట్లో ఒక్కడే పోతాడు.

"రాసినాయన మార్సీసినాడు. పుస్తకం ఏసినప్పుడు ఎవుడో మార్పించినాడు," అన్నాడు సింహాచలం. అతనికి కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. "పత్రికలో నేను సూసినాను. బొమ్మ కూడా ఉంది. కెప్టెన్ ఒక సేత్తో మైకు పట్టుకుని, రెండో సెయ్యి నెత్తి మీద ఎట్టుకుని."

"హాఁ హాఁ, మైనే భీ దేఖా థా," తనూ చూశానన్నాడు వెనకనించి ఇంకొకడు. కెప్టెన్‌కి గెడ్డం ఉందని ఒకరు, లేదని ఒకరు. ఒకావిడ ఆ పేజీ వెనక వంటనూనె ప్రకటన ఉండేదని కూడా చెప్పింది. నేను ఊరుకున్నానా? బొమ్మ నీలం సిరాలో ఉండేదన్నాను. ఒట్టు, ఇప్పటికీ నాకు అది కనబడుతుంది. రచయితని కడిగేస్తూ ఉత్తరం రాయాలని తీర్మానించాం. సరిగ్గా అప్పుడే జోగారావు లోపలికి వచ్చాడు. ఎన్నో ఏళ్ళు వాల్తేరు వైపు పనిచేసి బదిలీ మీద మళ్ళీ టాటానగర్ వచ్చాడు. సింహాచలం అతన్ని చూడగానే సాక్షి దొరికాడన్నట్టు లేచి, "నువ్వు ఇజీనారంలో సదివి సెప్పినావు కదా, ఈళ్ళకి సెప్పు," అన్నాడు.

"నేనేటి సెప్పినాను?" అన్నాడు జోగారావు. సంగతంతా విని నెమ్మదిగా అన్నాడు. "కట్ట తెగిపోబట్టే కదా పత్రిక రానేదు. మరి నేనెలాగెల్తాను ఇజీనారం? ఆ వారం బండ్లే నేవు. సక్రధర్‌పూర్‌లో కూకున్నాం."

ఇంతమందిమి, ఇన్నేళ్ళు, ఈ చిన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఎవరో ముందు నవ్వారు, తరువాత అందరూ నవ్వేశారు. మేస్త్రి మనందర్నీ భలే బోల్తా కొట్టించాడన్నారు. సింహాచలం ఒక్కడే నవ్వలేదు, తను బొమ్మ చూశానంటాడు. నేను పుస్తకం మూసేశాను. తాడు తెగిన కుర్రోడు పలుకుతూనే ఉన్నాడన్న మనిషే, మట్టి కింద మా ఆయన పలికాడని చెప్పిన మనిషి.

మర్నాడు పొద్దున్న వెళ్ళాను. బాబాయి అప్పటికి పని మానేశారు, ఊపిరి అందక మంచానికి అతుక్కుపోయారు. నేను కూచోలేదు. ఆ వారం కథ ఎవరు చెప్పారని అడిగాను.

"జోగారావు వచ్చినాడేటి," అన్నారు.

"మా ఆయన పలికినాడా, బాబాయ్?"

ఆయన దుప్పటి అంచు సర్దుకున్నారు. "నేను మాట్టాడినానమ్మా. మన్ను తీసినంతవరకూ మాట్టాడినాను. అది అబద్ధం కాదు."

"నేనడిగింది అది కాదు."

"పలకనేదు," అన్నారు.

"మరి గొడుగో?"

"ఆ మాట పొద్దున్న పనిలోకి సైకిళ్ళ మీద వత్తన్నప్పుడు అన్నాడు. నాకేటి సెప్పలేదా అని నువ్వడిగినావు. నాకాడున్న మాట అదొక్కటే. అదే ఇచ్చినాను."

ఆయన ముఖాన ఏమేమి అన్నానో మళ్ళీ రాయను. మా ఆయన మట్టి కింద బతికి ఉన్న ఆ కాసేపటి మీద నేను ఇన్నేళ్ళు బతికాను. దాన్ని చింపి చేతిలో పెట్టారు. నిజం అడిగింది నేనే, చెప్పినందుకు కోపం తెచ్చుకున్నదీ నేనే. ఆ వానాకాలం అంతా ఆ గుమ్మం తొక్కలేదు. గోడ అవతల నించి దగ్గు వినబడేది. రేడియో గట్టిగా పెట్టుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం సుభద్ర పరుగెత్తుకు వచ్చింది. తండ్రికి ఎగశ్వాస వచ్చిందట, డాక్టరుని తీసుకువస్తాను, కాసేపు కూచోమంది. వెళ్ళాను. కళ్ళు సగం మూసి ఉన్నాయి, పిలిస్తే పలుకు లేదు. చెయ్యి పట్టుకున్నాను. మొదట తిట్టాను. నన్ను వెర్రిదాన్ని చేశావన్నాను. తరువాత తిట్లు అయిపోయాయి. ఏం మాట్లాడాలో తెలియక నౌక కథ మొదటినించీ చెప్పుకుంటూ వచ్చాను, పుస్తకంలోలా కాదు, మా గదిలో చెప్పుకున్నట్టు. మధ్యమధ్య ఆగి వినేదాన్ని. ఏమీ లేదు. అవతల మనిషి ఉన్నాడో లేడో తెలియకుండా మాట్లాడటం ఎంత భయమో ఆ రోజు తెలిసింది. ఆ గొయ్యి పక్కన, అంతమంది చూస్తుండగా, ఆ పైపుకి నోరు పెట్టి ఆయన ఆపకుండా ఎలా మాట్లాడారో. నేను ఆగాలన్నా ఆగలేకపోయాను. ఊపిరి ఎప్పుడు ఆగిందో గమనించలేదు.

డాక్టరుతో వచ్చిన సుభద్ర ముందు తండ్రిని చూసి, తరువాత నన్ను చూసింది. "దీదీ, నాన్న కుఛ్ బోలే క్యా?" అంది.

ఆ అడగడం నాకు తెలుసు. నేనూ అలాగే అడిగాను. నా దగ్గర కూడా ఆయన పాత మాటలు బోలెడున్నాయి, ఏదో ఒకటి తీసి ఇవ్వవచ్చు. ఇవ్వలేదు. "ఏటీ అన్లేదమ్మా. నేనే మాట్టాడతా కూకున్నాను," అన్నాను. ఆ పిల్ల తల ఊపి, గోడకి ఆనుకుని కిందికి జారింది. నా నిజాయితీ ఎవరికి పనికొచ్చిందో నాకు తెలియదు.

ఏడాది తిరిగాక సంవత్సరీకానికి పిలిచింది. నేను విస్తళ్ళు వేస్తున్నాను. ఊరినించి వచ్చిన చుట్టాలు తండ్రి పోయిన సంగతి అడిగితే సుభద్ర చెబుతోంది. "ఆఖరు వరకూ దీదీతో మాట్లాడుతూనే ఉన్నారు. ఏదో కథ చెప్పించుకుని, నవ్వారట కూడా." ఆ పిల్ల అబద్ధమాడటం లేదు. కళ్ళు చూస్తే తెలుస్తుంది. మేమంతా బొమ్మ చూసినట్టే తనూ చూసింది. వాళ్ళు అవునా అన్నట్టు నా వైపు తిరిగారు. నేను చేతిలో ఉన్న విస్తరి తుడిచి, వేసి, పక్కదానికి జరిగాను.

మా ఆయన గొంతు నాకిప్పటికీ వినబడుతుంది, పైపులోంచే, కొంచెం గింగురుమంటూ. గొడుగు తెచ్చుకోమంటాడు. అది పొద్దుటి మాటని నాకు తెలుసు. తెలిసినా అది అక్కడినించి కదలదు.