నీరుగొబ్బి మడుగు

ఎనభైల మొదట్లో కౌతాళం దగ్గర మా చేనులో పొద్దుతిరుగుడు వేశాం. పువ్వులు పళ్లేలంత విచ్చుకున్నాయి. కోసి కొడితే సగానికి పైగా తాలు. చుట్టూ పత్తికి మందులు కొట్టీ కొట్టీ తేనెటీగలు లేకుండా పోయాయి, ఇక గింజ పట్టేదెట్లా? విత్తనాలమ్మిన మనిషి ఉపాయం చెప్పాడు. అరచేతికి పల్చటి గుడ్డ చుట్టుకొని, పొద్దున మంచు ఆరాక ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటేలా ఒక్కో పువ్వునూ మెల్లగా రుద్దుకుంటూ పోవాలట. చెప్పడానికి ఆయన సొమ్మేం పోయింది! మరుసటేడు అత్తా నేనూ రోజు మార్చి రోజు చేనంతా రుద్దాం. నా కుడి భుజం ఆ ఏడే పోయింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు.

చేను కింది కొసన కాలువ ఊటనీరు నిలిచే మడుగు ఉండేది. అందులో రెండు నీరుగొబ్బి మొక్కలు, కణుపు కణుపునా ముళ్లు, ఊదా పూలు. మిగిలిన నాలుగు తేనెటీగలూ అక్కడే మూగేవి. అది అత్తే నాకు చూపించింది.

"ఇది నిండా పెంచితే ఈగ ఈడనే ఉంటాది మే. మన సేతులు బతుకుతాయి."

వానలు పడగానే మోకాటి లోతు బురదలో దిగి, కాలువ వెంట పీకి తెచ్చిన మొక్కలు నాటాను. ముళ్లు గుచ్చుకొని చేతులు వాచాయి. మా ఆయన గట్టున నిలబడి, "ఏం మే, నీ ముండ్ల తోట కోతకెప్పుడొస్తాది?" అని నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. పొద్దుతిరుగుడు పూసే వేళకు మడుగంతా ఊదారంగు. పొద్దున్నే తేనెటీగలు జుమ్మని అక్కడ వాలి, అక్కడినుంచి చేలోకి వచ్చేవి. ఆ ఏడు మేం గుడ్డ ముట్టలేదు. గింజ గట్టిగా పట్టింది.

ఆ గింజ చూశాకే మా ఆయనకు ఆశ పుట్టింది. చెల్లెలి కాన్పుకని నేను ఆదోని పోయి, నెల ఉండి వచ్చేసరికి మడుగు లేదు. మట్టి పోసి, చదును చేసి, విత్తేశాడు.

"సూస్తివా, ఇంకా నాలుగు సాళ్లు పెరిగినాయి!" అన్నాడు, మెచ్చుకుంటాననుకొని.

అత్త చాటలో గింజలు చెరుగుతూ తల ఎత్తలేదు. "నేను సెప్తి. ఇన్లేదు," అంది.

పూత వచ్చింది. తేనెటీగలు రాలేదు. పెట్టె అడుగునున్న గుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టాను. "నీ నాలుగు సాళ్లు నువ్వే రుద్దు."

మూడో సాలు సగంలోనే భుజం పట్టుకొని గట్టున కూలబడ్డాడు. "ఇంత నొస్తాదా మే?" అన్నాడు.

ఆ మాట నేను ఎన్నిసార్లు చెప్పానో. గుడ్డ తీసుకొని కుడి చేతికి చుట్టుకొని సాలులోకి దిగాను. చెయ్యి పువ్వుదాకా లేవలేదు. గుడ్డ విప్పి ఎడమ చేతికి చుట్టుకున్నాను.