వంతెన దగ్గర ఆగినవాడు

సైన్యంలో వంతెనలు పేల్చే దళంలోని ఆ సిపాయిని తోటివాళ్ళు ‘నిదానం’ అని పిలిచేవారు. పాతికేళ్ళైనా నిండలేదు గాని, ఏ పనికీ తొందరపడేవాడు కాడు. తడిసిన మేజోళ్ళను చొక్కా లోపల పొట్టకు ఆనించి ఆరబెట్టుకునేవాడు. మందుగుండుకు తీగ కలిపేటప్పుడు నాలుక కొసను పళ్ళ మధ్య నొక్కిపెట్టి, వేసిన ముడిని మళ్ళీ మళ్ళీ లాగి చూసేవాడు. సేనలు వెనక్కి తగ్గుతున్నప్పుడు నది మీది ఆఖరి వంతెనను పేల్చే పని అతని చేతికి వచ్చింది. అందరూ దాటేశారనుకున్నాక, అవతలి ఒడ్డున ఇద్దరు సిపాయిలు గాయపడినవాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకొస్తూ కనిపించారు. వాళ్ళ వెనకే దుమ్ములో శత్రువుల ట్యాంకులు.

“పేల్చెయ్!” అన్నాడు అధికారి.

“మనవాళ్ళు సార్. కాస్త ఆగుదాం.”

“ఆగితే మనం మిగలం. చెప్తుంటే వినపడట్లేదా?”

మీట మీద చెయ్యి వేశాడే గాని, స్ట్రెచర్ ఇవతలి గట్టు ఎక్కేదాకా నొక్కలేదు. ఆ తర్వాతే వంతెన నదిలో కూలింది. అయితే ఈలోపే ట్యాంకు పేల్చిన గుండొకటి పక్క కందకంలో పడింది. “నువ్వు తాగేలోపు యుద్ధం అయిపోతుందిరా” అంటూ రోజూ అతనికి టీ అందించే వంటవాడు అందులోనే చనిపోయాడు.

సాయంత్రం స్ట్రెచర్ మోసినవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. “నీ పుణ్యమా అని ముగ్గురం బతికాం అన్నా,” అన్నారు. వంటవాడి శవం పక్కన నిదానం గొయ్యి తవ్వుతున్నాడు. వాళ్ళూ చెరో పార అందుకున్నారు.

“ఎలా పోయాడన్నా ఇతను?”

“గుండు పడింది,” అన్నాడు నిదానం, తల ఎత్తకుండా.